జెల్లమ్మ మీసాలు, కొంగ ముక్కు

వరి కోసేసిన చేల పక్కన ఒక చేపల గుంట. అందులో మీసాల జెల్లలు కాపురముండేవి. వాటికి మేత తెచ్చిపెట్టేవాడు ధవళయ్య అనే కొంగ. ఊరికే కాదు, తట్టెడు ఎండుచేపల పొడికి పదిమంది పిల్లల్ని పుచ్చుకునేవాడు. అదీ ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు అరమోడ్చి అడిగేవాడు. ఒంటికాలి మీద నిలబడ్డ ప్రతివాడూ తపస్సే చేస్తున్నాడనుకోవడం ఒక జబ్బు. అది చేపలకే కాదు, మనుషులకూ ఉంది. సరే, కథలోకి వద్దాం.

"కపిలన్నా, ఈసారీ పదిమందిని ఇచ్చుకుంటే నాకు మిగిలేది నలుగురే" అంది జెల్లమ్మ, నీళ్ళు తాగడానికొచ్చిన ఎద్దుతో. అతని కాళ్ళకు పట్టిన జలగల్ని ఏరిపెట్టేది ఆమే. అందుకే అతనికి ఆమె చెల్లెలి లెక్క.

కపిలన్న తీరిగ్గా నెమరు వేశాడు. "ఏడవకు చెల్లీ. కళ్ళంలో తౌడూ నూకా మొక్కజొన్న పొట్టూ అరటి బోదెలూ వృథాగా పడున్నాయి. పులియబెడదాం."

"పులిస్తే ఏమొస్తుందన్నా?"

"గట్టిది మెత్తబడుతుంది, అరగనిది అరుగుతుంది. నా పొట్టలో రోజూ జరిగేది అదేగా!"

రెండు బానల్లో అన్నీ కూరి, బెల్లం నీళ్ళూ పుల్లమజ్జిగా పోసి, గాలి చొరకుండా గిట్టతో అణగదొక్కి, మూతల చుట్టూ బంకమట్టి మెత్తాడు.

కొంగకు కడుపు మండింది. "అయ్యో కపిలన్నా! ఊపిరాడక లోపల మేత చచ్చిపోదూ? మూతలు తియ్యి నాయనా!"

ఎవరైనా మెత్తగా చెబితే ఎద్దు కాదనలేడు. ఒక మూత తీశాడు. రెండోది తీసేలోగా కునుకు పట్టింది. లేచాక ఆ సంగతే మరిచిపోయాడు.

పదోనాడు ధవళయ్య జెల్లలన్నిటినీ గట్టుకి పిలిచి, మూతలేని బానలోంచి ఒక ముద్ద తీసి పడేశాడు. నల్లటి బూజు, ముక్కు పగిలే కంపు.

"చూశారా మీ అన్నగారి వంట! తిన్నారో, అందరూ వెల్లకిలా తేలతారు. పదిమందిని పంపండి, మేత తెస్తా."

పిల్లలు జెల్లమ్మ వెనక్కి దూరారు. కపిలన్న తల దించుకున్నాడు.

"రెండో బాన కూడా తియ్యన్నా" అంది జెల్లమ్మ.

"రెండూ ఒకటేగా!" అన్నాడు కొంగ కంగారుగా.

"నీ ముక్కు పొడవడానికి, ధవళయ్యా. నా మీసాలు రుచి చూడ్డానికి."

మట్టి పగలగానే పండిన పండులాంటి పుల్లని వాసన గుంటంతా కమ్మింది. పసుపుపచ్చని ముద్ద నీళ్ళలో పడింది. జెల్లమ్మ మీసాలు ఆనించింది.

"అది కుళ్ళింది. ఇది పులిసింది. రండర్రా, తినండి!"

నీళ్ళు చెడకుండా ఎద్దు రోజూ కొంచెం కొంచెమే వేశాడు. బాన ఖాళీ కాగానే మరొకటి పెట్టాడు, ఈసారి ఎవరు చెప్పినా మూత తియ్యలేదు. రెండు నెలలకు పధ్నాలుగు మందీ బలిసి నిగనిగలాడారు. ఆకలికి ఆగలేక కొంగ ఒకణ్ణి ఒడిసిపట్టాడు. వాడు ముక్కులో పట్టలేదు సరికదా, రెక్క పక్కనుండే ముల్లు విప్పి దవడకు అడ్డం పెట్టాడు.

"వొ... వొదులు!" అన్నాడు కొంగ, నోరు మూతపడక.

"పట్టుకున్నది నువ్వేగా మామా!" అన్నాడు పిల్లజెల్ల, ముల్లు ముడిచి నీళ్ళలోకి జారిపోతూ.

ధవళయ్య మళ్ళీ ఆ గుంట వైపు రాలేదు.

నీతి: పులిసిందో కుళ్ళిందో మన మీసాలతో మనమే చూసుకోవాలి, మన పిల్లల మీద కన్నేసినవాడి ముక్కుతో కాదు.