దివాను గారి బొటనవేలు

రాజులు పోయినా రాజసం పోని చిన్న సంస్థానం ఒకటుండేది. అక్కడి దివాను గజపతి మాటల్లో పడితే ఊపిరి తీసుకోవడం కూడా దండగనుకునేవాడు. ఒకరోజు ఆయన, పాత వాకీటాకీలు బాగుచేసే సింగారమ్మను పిలిపించాడు.

"మూడు రోజులుగా ఆనకట్ట కాపలాదారు నూకరాజు నాకు జవాబివ్వడం లేదు. నాకు రావలసిన జవాబుకి అడ్డుపడుతున్నదెవరో సాయంత్రంలోగా తేల్చు. ఎవరైనా సరే, కొలువులోంచి తీసేస్తాను!"

పాపం, నూకరాజుకి ఆ కొలువే కూడు. సింగారమ్మ దివాను గారి వాకీటాకీ సెట్టు విప్పి చూస్తే ఏ లోపమూ లేదు. అయితే ఆ సెట్లకో గుణముంది. బొత్తాం నొక్కి ఉంచినంతసేపూ మన మాట అవతలికి పోతుంది గాని, అవతలి మాట మనకి రాదు. ఈ సెట్టు బొత్తామేమో అరిగి నున్నబడిపోయింది! ఆమె ముసిముసిగా నవ్వుకుని, సెట్టుని కంప్యూటరుకి తగిలించి, నిమిషం దాటితే కుయ్యిమని కూసి మాట పంపడం ఆపెయ్యమని దానికి నేర్పింది.

సాయంత్రం దివాను సెట్టు అందుకుని బొత్తాం నొక్కాడు. "ఒరే నూకరాజూ! చచ్చావా, బతికున్నావా? మా తాతగారి రోజుల్లో అయితేనా..." తాతగారు గుర్రమెక్కేలోపే సెట్టు కుయ్యిమంది. దివాను ఉలిక్కిపడి బొటనవేలు తీశాడు.

వెంటనే నూకరాజు గొంతు పలికింది. "బతికే ఉన్నానండి బాబూ! తూము తలుపు బిగుసుకుపోయిందని మూడు రోజులుగా మొత్తుకుంటున్నానండి!"

దివాను తెల్లబోయాడు. "మరి ఇన్నాళ్లూ అడ్డుపడిందెవరు?"

"దొరికిందండి, తమ బొటనవేలే. కొలువులోంచి తీసేయమంటారా, మధ్యమధ్య కాస్త సెలవిస్తే చాలంటారా?" అంది సింగారమ్మ.

దివాను తన బొటనవేలి వంక ఒకసారి చూసుకుని, మెల్లగా జేబులో దాచుకున్నాడు.