తిప్పక్క గుడిలో బోర్లించిన కడవ

నల్లగుట్ట దిగువన వెలసిన తిప్పక్క అమ్మవారికి విగ్రహం లేదు. గర్భగుడిలో బోర్లించిన రాతి కడవ, దాని కింది నుంచి పారే సన్నని ఊట మాత్రమే భక్తులకు దర్శనమిస్తాయి. ఇక్కడ ఆడవాళ్ళ గోత్రనామాలు, కోరికలు వాళ్ళే చెప్పుకోవాలి. వారి తరఫున భర్త గాని, పూజారి గాని నోరు విప్పరాదు.

పూర్వం ఇక్కడ ఊరంతటికీ గుట్ట కింది ఊటే ఆధారం. పాళెగారు తన తోటల కోసం దాని చుట్టూ గోడ కట్టించి తలుపు వేయించాడు. గుట్ట అవతలి నుంచి ఉప్పునీళ్ళు మోసి మోసి ఆడవాళ్ళ నడుములు పడిపోయాయి. చివరికి తిప్పక్క అనే ఇల్లాలు వారందరినీ కూడగట్టి, పాళెగారి బండ్ల బాటకు అడ్డంగా కడవలు బోర్లించి కూర్చోబెట్టింది. భటులు కర్రలెత్తినా ఒక్కతీ లేవలేదు. పాళెగారే దిగివచ్చి మాటలకు పిలిచాడు.

కొలువులో ఆడది మాట్లాడే ఆచారం అప్పట్లో లేదు. అందుకని వాళ్ళ తరఫున తిప్పక్క మరిది ఓబులేసు వెళ్ళాడు.

"ముందు ఊట సంగతి అడుగు నాయనా. మిగతావన్నీ మళ్ళ," అంది తిప్పక్క గడప బయట నిలబడి.

"నేనుండా కదొదినా! నువ్వు నిమ్మళంగా ఉండు."

లోపల పాళెగారు పీట వేయించి, తాంబూలమిచ్చి, బాట విడిస్తే చేలకు కాలువ వదులుతానన్నాడు. ఓబులేసు ఉబ్బితబ్బిబ్బై మాట ఇచ్చేశాడు. ఊట సంగతి గుర్తే రాలేదు. ఏనాడైనా కడవ మోసిన మనిషైతే కదా!

మగవాళ్ళు సంబరపడ్డారు. ఆడవాళ్ళు కడవలెత్తుకుని మళ్ళీ గుట్ట దారి పట్టారు. తిప్పక్క అతన్ని తిట్టలేదు. "నేనే లోపలికి రావాల్సింది," అని మాత్రం అంది. ఊట తలుపు ముందు కడవ బోర్లించి, మండుటెండలో ఒంటరిగా కూర్చుంది. ఓబులేసు సిగ్గుతో మొహం చాటేశాడు. ఆఖరికి మనసాగక నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఆమె ప్రాణం పోయింది. కడవ రాయై, దాని కింద, గోడకు ఇవతల ఊట ఉబుకుతోంది.

ఆమె ఓబులేసు కలలో కనిపించి, "నా గడప లోపల ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవల్ల," అని ఆనతిచ్చింది. అతను ఏడుస్తూ గుడి కట్టాడు.

ఇక్కడ నోరారా చెప్పుకున్న కోరికను అమ్మ తప్పక తీరుస్తుందని నమ్మకం. నేటికీ ఓబులేసు వంశీకుడే పూజారి. ప్రతి శుక్రవారం గుట్ట అవతలి నుంచి ఉప్పునీళ్ళు మోసుకొచ్చి గడప కడుగుతాడు. తలుపు తీసే ముందు బయటే నిలబడి, తాతలనాటి ఆ ఒక్క మాటే చెప్పుకుంటాడు:

"వదినా, ముందు ఊట సంగతే అడుగుతా."