రెండో శ్రుతిపెట్టె

తాయారు మొదటి కచేరీలో శ్రుతి తప్పింది. ఒకచోట కాదు, కచేరీ పొడుగునా. శనివారం రెండో కచేరీ ఉంది. ఈసారీ తప్పితే పాట మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంటానని ఇంట్లో చెప్పేసింది.

గురువారం పాఠానికి రెండు శ్రుతిపెట్టెలతో వచ్చింది. పాతది కుడిచెవి పక్కన, కొత్తది ఎడమచెవి పక్కన పెట్టుకుని రెండూ పూర్తిగా పెంచింది. గదంతా హోరు. ఆ హోరులో గొంతు చించుకుని పాడింది. పావుగంటకల్లా శ్రుతి ఒక దారి, పాట ఒక దారి.

గురువు వేదవతమ్మగారికి డెబ్బై ఏళ్లు. శిష్యుల్ని తిట్టడం ఆవిడకు చేతకాదు. వేళాకోళం మాత్రం బాగా వచ్చు.

"ఒక పెట్టె చాలలేదుటే?"

"భయమండీ అమ్మగారూ. శ్రుతి గట్టిగా వినపడితే తప్పను కదా అని."

"మరి తప్పావుగా."

తాయారు కళ్లు తుడుచుకుంది. "దేవుడు నాకు మంచి గొంతివ్వలేదు."

"ఆ సంగతి దేవుడితో నేను మాట్లాడతాలే. నువ్వు కళ్లు మూసుకుని పాడు."

ఆవిడ కొత్త పెట్టె ఆపేశారు. పాతదాన్ని ఒళ్లో పెట్టుకున్నారు. తాయారు పాట ఎత్తుకుంది. ఒక్కో చరణానికీ ఆవిడ మీట కాస్త కాస్త తగ్గిస్తూ పోయారు. అరవాల్సిన పని లేక తాయారు గొంతు కూడా నెమ్మదించింది. తనకు తెలియకుండానే అరచెయ్యి చెవి వెనక్కి చేరింది. కాసేపటికి గదిలో ఆ పిల్ల గొంతు తప్ప మరేమీ లేదు.

పాట ముగిసి తాయారు ఆధారస్వరం షడ్జం మీద నిలిచింది. అప్పుడు వేదవతమ్మగారు మీట మెల్లిగా పెంచారు. పెట్టెలోంచి శ్రుతి వచ్చి ఆ గొంతులో కలిసిపోయింది.

తాయారు కళ్లు తెరిచింది. "ఇందాకటి దాకా శ్రుతి లేదా అమ్మగారూ?"

"ఉంది. పెట్టెలో లేదు, అంతే."

శనివారం వేదిక మీద మైకతను వంగి అడిగాడు. "శ్రుతి ఇంకాస్త పెంచమంటారా మేడమ్?"

తాయారు ముందు వరుసలో కూర్చున్న గురువు వైపు చూసింది.

"తగ్గించండి," అంది తాయారు. "నా పాట నాకు వినపడాలి."

ఎందుకైనా మంచిదని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రెండో పెట్టెను వేదవతమ్మగారు సంచిలో పెట్టేసి, పాటకు తాళం వేయడానికి చెయ్యి ఖాళీ చేసుకున్నారు.