పొద్దుటి వంతు

ముసలి మహబూబీకి మట్టి ఇచ్చి వచ్చినప్పటి నుంచి దస్తగిరికి ముద్ద దిగడం లేదు.

కొండ కింద దర్గాలో వంటపాత్రల బాధ్యత అతనిది. రాగి డేగిసాలో కళాయి పూత అరిగిందా, పులుసు కాచడానికి పనికొస్తుందా అని తేల్చేది అతనే. లోపలికి తొంగి చూసి, అడుగున తన ముఖం కనబడితే సరేననేవాడు. కాగిన పులుసు ముందు తనే గరిటెడు తాగి, ఆ తర్వాతే వడ్డించమనేవాడు. అతని మాటకు ఎదురుండేది కాదు. దస్తగిరికి అది కాస్త గర్వంగానే ఉండేది.

ఆ వారం దర్గా పులుసు తిన్న ముసలివాళ్లు వాంతులతో మంచాన పడ్డారు. మహబూబీ ఇక లేవనే లేదు. రాగి చిలుము విషమని హకీం తేల్చేశాడు.

దస్తగిరి తన గురువు జలాల్ షా బాబా ముందు కూలబడి ఏడ్చాడు.

"అదే పులుసు నేనూ తాగినా బాబా. నాకేమీ కాలేదు. తప్పు యాడ జరిగింది?"

బాబా ఓదార్చలేదు. అదే డేగిసాలో పులుసు కాచమన్నాడు. సాయంత్రానికి కాగింది. దస్తగిరి అలవాటుగా గరిటె ముంచబోతే, బాబా అతని చెయ్యి పక్కకు తీసి మూత పెట్టేశాడు.

ఆ దర్గాలో మిగిలిన పులుసును వేరే కుండలోకి వంచరు. వంచితే బరకత్తు పోయి దైవ దీవెన తొలగుతుందని భయం. సాయంత్రం భోజనాల బంతి యాత్రికులది. మిగిలింది తెల్లవార్లూ డేగిసాలోనే ఉంచి, పొద్దున వచ్చే దిక్కులేనివాళ్లకు పోస్తారు.

తెల్లవారాక బాబా మూత తీశాడు. డేగిసా అంచు దగ్గర పూత పోయి రాగి బయటపడ్డ చోట, పులుసు చుట్టూ ఆకుపచ్చగా చిలుము జిడ్డు కట్టి ఉంది. బాబా గరిటెడు తోడి దస్తగిరికి అందించాడు.

"ఇప్పుడు చూడు రుచి."

దస్తగిరి గరిటె నోటిదాకా తెచ్చాడు. చిలుము వాసన కొట్టింది. తాగలేకపోయాడు.

"మహబూబీకి రోజూ ఈ వేళకే పోసినాం," అన్నాడు బాబా.

బయట ముసలివాళ్లు ఖాళీ గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. ఇవాళ వాళ్లకు పోయడానికి ఏమీ లేదు. దస్తగిరికి ఆ వైపు చూసే ధైర్యం లేకపోయింది. క్షమించమంటూ గురువు కాళ్ల మీద పడబోయాడు.

బాబా కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"నన్నడగొద్దు బిడ్డా. నేనూ వేడివేడిగా తిన్నోణ్ణే."