నిండుకున్న గాదెలు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి ఏటా ఒక చుట్టం వచ్చేది. పిలవకుండా వచ్చేది, అడక్కుండా పట్టుకుపోయేది. ఆ చుట్టం ఎవరో కాదు, ఊరి పక్కన పారే ఏరే.

శ్రావణం వచ్చిందంటే ఏరు పొంగేది. బిందెలు, పీటలు, చాపలు, ఏవి దొరికితే అవి మోసుకుపోయేది. అది చూసి రాజుగారు ఒక మాటిచ్చాడు.

"ఏరు రాకముందే ఇంట్లో ఏమేం ఉన్నాయో రాయించి పెట్టండి. రాసిన వాటిలో ఏది ఏటిపాలైతే అది నా కొట్టు నుంచి మళ్ళీ ఇస్తాను. దొంగ రాత రాసినవాళ్ళకి మాత్రం బొటనవేలు ఉండదు."

మరి ఇల్లిల్లూ తిరిగి రాసేదెవరు?

ముందు సూరన్న వచ్చాడు. అతను ఎవరేం చెబితే అదే రాసేవాడు. మట్టి ముంతని వెండి చెంబు అంటే వెండి చెంబనే రాశాడు. పట్టుబడి, వేలు పోగొట్టుకుని, ఊరొదిలి పోయాడు.

తర్వాత బుచ్చయ్య వచ్చాడు. అతని రాత మంచిదే, నోరే మంచిది కాదు. ఎవరింట్లో బొంతకి ఎన్ని చిరుగులున్నాయో పొద్దున చూసి, మధ్యాహ్నానికి చాకిరేవులో చెప్పేవాడు. జనం అతన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు.

మూడోది నాంచారి. తాటాకులు కోసి అమ్ముకునే మనిషి. అక్షరాలు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నేర్చుకుంది. మాట చెవిన ఎలా పడితే అలా రాసేది.

మొదట ఎవరూ తలుపు తీయలేదు. "ఇంకొకతె బయల్దేరింది, ఇళ్ళు చూసి పోవడానికి" అన్నారు.

నాంచారి గడప బయటే నిలబడి చెప్పింది. "ఒక చేతిలో ఆకు, ఒక చేతిలో గంటం. మీ సామాను ముట్టుకోడానికి నాకు మూడో చెయ్యి లేదు. మీ పెట్టెలు మీరే తెరవండి, చూసింది రాస్తా. రాసింది మీకే చదివి వినిపిస్తా. రాజుగారి లెక్కలు రాసే రాయసం ఆ ఆకు చూసి తన పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు. తర్వాత ఆకు మీ ఇంట్లోనే ఉంటుంది."

ఒక ఇల్లు తలుపు తీసింది. పది రోజులైనా ఆ ఇంటి మాట చాకిరేవుకి చేరలేదు. రెండో ఇల్లు తీసింది, మూడోది తీసింది. చివరికి ధాన్యం వర్తకుడు గవరయ్య ఇంటి నుంచి కూడా పిలుపొచ్చింది.

గవరయ్య అంటే ఊళ్ళో పెద్ద పేరు. అతని గాదెలు మూడు, మనిషి ఎత్తు తిన్నె మీద ఉండేవి. వాటిని చూసే జనం అతని కొట్టుకి వచ్చేవాళ్ళు.

గవరయ్య తల్లి పేరమ్మ గాదెల మూతలు తీసింది. మొదటి గాదెలో అడుగు కనపడుతోంది. రెండో దాంట్లో చీపురు ఉంది. మూడో దాంట్లో బల్లి ఉంది.

నాంచారి కొయ్యబారిపోయింది. ఊరంతటికీ గింజలమ్మే ఇంట్లో గింజ లేదు.

"అలా నోరు తెరుచుకు నుంచోకు, ఈగలు దూరతాయి. రాయి" అంది పేరమ్మ.

"ఏమని రాయను పెద్దమ్మా? లేవని రాయనా?"

"ఏరొచ్చే నెలలో ఇంట్లో 'లేవు' అనే మాట పలుకుతారటే? మీ అమ్మ నీకు అదీ నేర్పలేదా? నిండుకున్నాయని రాయి."

నిజమే. ఆ ఊళ్ళో ఏ ఇల్లాలూ ఉప్పు లేదనదు, నిండుకుందంటుంది. అంటే అయిపోయిందని. నాంచారి అలాగే రాసింది. "గాదెలు మూడు, నిండుకున్నాయి."

"ఈ మాట గడప దాటిందో, మా వాడి కొట్టుకి రేపట్నుంచి కాకి కూడా రాదు" అంది పేరమ్మ.

"నా నోరు మీ గడప లోపలే వదిలేసి పోతాలే" అంది నాంచారి.

రాజుగారి రాయసం ఆ ఏడు కొత్తవాడు. ఎగువ దేశం నుంచి వచ్చాడు, మన మాటలు పుస్తకాల్లో నేర్చుకున్నాడు. ఆ ఆకు చూసి తన పుస్తకంలో చక్కటి అక్షరాలతో ఎక్కించుకున్నాడు. "గాదెలు మూడు, నిండుగా ఉన్నవి." ఆకు పేరమ్మకి తిరిగిచ్చేశాడు.

ఏరొచ్చింది, పోయింది. రాయసం పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. గవరయ్య ఇంటికి వచ్చి నిలబడిపోయాడు.

నీళ్ళు తిన్నె దాకా రాలేదు. గాదెలు పొడిగా ఉన్నాయి. మూతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. లోపల గింజ లేదు.

"ఏరు ముట్టుకోలేదు. మరి గింజలెవరు ముట్టుకున్నారు?" అన్నాడు.

గుమ్మం దగ్గర ఇరుగుపొరుగు నిలబడి చూస్తున్నారు. గవరయ్య నేల చూశాడు. అసలు ఖాళీయే అంటే పరువు పోతుంది. అందుకని ఏమీ అనలేదు.

"ఈ ఇంట్లో ఏది ఎక్కడుందో తెలిసిన పరాయి మనిషి ఎవరు?" అని రాయసం తనే అడిగి, తనే జవాబు చెప్పుకున్నాడు. "నాంచారి."

తలుపులు తీసినవాళ్ళంతా ఇళ్ళకి పరిగెత్తి పెట్టెలు వెతుక్కున్నారు. ఏ పెట్టెలోనూ ఏదీ పోలేదు. అయినా "ఇళ్ళు చూసిందే ఇళ్ళు దోచింది" అనుకున్నారు.

నాంచారిని కొలువుకి పట్టుకొచ్చారు. దొంగ రాతైనా దొంగతనమైనా శిక్ష ఒకటే, బొటనవేలు. రాయసం పుస్తకం చదివాడు. "గాదెలు మూడు, నిండుగా ఉన్నవి."

అది విని నాంచారి రాయసం వైపు చూసింది. ఎక్కడ తప్పు జరిగిందో ఆ క్షణానే తెలిసింది. చెబితే వేలు దక్కుతుంది, గవరయ్య ఇంటి గుట్టు పోతుంది. గవరయ్య, పేరమ్మ ఎదురుగానే కూర్చుని ఉన్నారు.

"ఇది నీ రాతేనా?" అడిగాడు రాజు.

"రాసింది నేనే దొరా. చదివింది ఆయన."

"గాదెల్లో ఏం చూశావు?"

"చూసింది ఆకు మీద పెట్టాను. ఆకు ఆ ఇంట్లో ఉంది. చూపించాలనుకుంటే వాళ్ళే చూపిస్తారు. నేనడగను."

రాజుకి విసుగొచ్చింది. "మూడోసారి అడుగుతున్నా. నోటితో చెప్పు, వేలు దక్కుతుంది."

"వేలు ఒకటి పోతే తొమ్మిది ఉంటాయి దొరా. నోరు ఒకటే" అంది నాంచారి. అని, చెయ్యి చాపింది.

కొలువంతా బిగుసుకుపోయింది. కత్తి పట్టుకున్న భటుడు కూడా రాజు వైపే చూశాడు.

పేరమ్మ లేచింది. రొంటిన దోపుకున్న ఆకు బయటికి తీసింది.

గవరయ్య ఆమె కొంగు పట్టుకున్నాడు. "అమ్మా, కూర్చో. పరువు పోతుంది."

"పరువా? అది కూడా నిండుకుందిరా" అంది పేరమ్మ.

ఆకు రాజు చేతిలో పెట్టింది. రాజు చదివి, రాయసాన్ని చూశాడు.

"నిండుకున్నాయి అంటే నిండుగా ఉన్నాయనే కదా ప్రభూ?" అన్నాడు రాయసం.

రాజే విప్పి చెప్పాడు. "అయ్యా, మా ఇళ్ళల్లో ఉప్పు నిండుకుంటే పక్కింటికి పోయి అడుగుతాం."

రాయసం గబగబా పుస్తకం తిరగేశాడు. "అయితే పదిహేడు ఇళ్ళల్లో నూనె కూజాలు, ఉప్పు జాడీలు నిండుగా ఉన్నాయని రాశాను. అవన్నీ ఏటిపాలయ్యాయని వాళ్ళకి నూనె, ఉప్పు ఇప్పించేశాను కూడా."

పదిహేడు ఇళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు. నాంచారిని దొంగ అన్న నోళ్ళన్నీ వాళ్ళవే. లేని నూనె ఇంటికొస్తే, ఇది మాది కాదని ఒక్కరూ అనలేదు మరి. అందరూ కాళ్ళ వైపు చూసుకున్నారు. సాయంత్రానికి నూనె, ఉప్పు కొట్టుకి తిరిగొచ్చాయి.

రాయసాన్ని రాజు తిట్టలేదు. రాజభవనం వంటింట్లో ఒక నెల కూర్చుని మాటలు వినమన్నాడు.

గవరయ్య గాదెలు ఆ ఏడు నిండలేదు. దొరికిన నాలుగు బస్తాలే మూతి విప్పి పెట్టుకుని అమ్మాడు. అయినా జనం కొట్టుకి రావడం మానలేదు. అందరికన్నా ఎక్కువ విస్తుపోయింది గవరయ్యే.

మరుసటి ఏడు శ్రావణానికి ముందు, నాంచారి ఇంకా గంటం పదును పెట్టుకుంటూనే ఉంది. ఆడవాళ్ళు పెట్టెల తాళాలు చేత పట్టుకుని, ఆమె గుమ్మం ముందు వరసకట్టారు.

కథ ఇక్కడికి నిండుకుంది. ఇంటికి పట్టుకుపోవాల్సిన మాట ఒక్కటే: ఒకరి ఇల్లు చూసేటప్పుడు కన్ను తెరిచి ఉంచు, గడప దాటాక నోరు మూసి ఉంచు, నమ్మకం దానంతటదే నీ గుమ్మానికి వస్తుంది.