గుడ్డ కింద రెండు మోపులు

రాళ్ళవంక అవతలి చిట్టడివిలో ప్రతి బేస్తవారం జంతువుల సంత జరిగేది. అక్కడ డబ్బు చెల్లదు. గడ్డిమోపే డబ్బు. వేరుశెనగ బస్తా ఒకటిస్తే ఎనిమిది మోపుల గడ్డి వచ్చేది. ఏ ఏడైనా అటూ ఇటుగా అంతే. ఆ గడ్డంతా నక్క గుర్నాథం వాములోంచి రావాల్సిందే. నక్కకి గడ్డెందుకయ్యా అంటారా? తినడానికి కాదు, బేరానికి! వాడి తెలివే తెలివి.

ఎద్దు మైలయ్య ఆ ఏడు ఒంటరిగా సేద్యం చేశాడు. జోడీ ఎద్దు కర్రెన్న కాలు విరిగి కొట్టంలో పడి ఉన్నాడు. ఒంటెద్దుతో సేద్యమంటే మాటలా? అయినా కిక్కురుమనకుండా దున్ని, ఇరవై బస్తాల కాయ పండించాడు. ఇంట్లో గడ్డి చూస్తే వారానికి మించి లేదు. ఈ కాయ మంచి ధరకి పోతేనే, వానలు పడేదాకా ఇద్దరి కడుపులూ నిండేది.

బస్తాలు బండికెత్తుకుని, పొరుగింటి మేక చుక్కమ్మని తోడు తీసుకుని, మధ్యాహ్నానికి సంత చేరాడు. చేరేసరికి సంతంతా బిక్కుబిక్కుమంటోంది. గొర్రె బోడెమ్మ తన మంద పక్కన గడ్డిమోపుల మీద కూలబడి ఉంది.

"ఏమైంది బోడెమ్మా, అలా ఉన్నావు?"

"ఇంకేముందన్నా, కొంప మునిగింది! సముద్రం ఒడ్డున పట్నంలో కాగితాల సంత కూలిపోయిందట. మనందరి ధరలూ పడిపోయాయట. మందంతా కలిసి ముప్పై బస్తాలు పండించుకున్నామా, బస్తా మూడు మోపులకి గుర్నాథానికి ఇచ్చేశాం. రేపటికి అదీ రాదన్నాడు."

మైలయ్య బండిలోని బస్తాల వైపు చూసుకున్నాడు. మూడు మోపులా! కర్రెన్నకి ఇంటికెళ్ళి ఏం మొహం చూపించాలి?

"కాగితాల సంతేంటమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"నాకేం తెలుసు? కాకి తెచ్చిన కబురట, గుర్నాథం చెప్పాడు, భయమేసింది, అమ్మేశాను."

"భలేదానివే! తెలియందానికి భయపడి, తెలిసిన కాయని అమ్మేశావా?" అని చుక్కమ్మ విసుక్కుంది. "పద మైలన్నా, ఆ కబురు తెచ్చిన కాకినే అడుగుదాం."

కాకి తుమ్మకొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటోంది. పాపం, దానికి బేరాలూ లేవు, అబద్ధాలూ లేవు. చూసింది చూసినట్టు చెప్పడమే దాని పని.

"కూలిన మాట నిజమే బాబూ. అక్కడ కాయ కనపడదు. వచ్చే ఏడు పండబోయే కాయ పేరు రాసిన కాగితాలని కోతులు చేతులు మార్చుకుంటాయి. కాయకీ కాగితమే, బంగారానికీ కాగితమే. మొన్న బంగారం కాగితాల్లో కోతులకి గట్టి దెబ్బ తగిలింది. ఆ గుంట పూడ్చుకోడానికి చేతిలో ఉన్న కాయ కాగితాలన్నీ అయినకాడికి తెగనమ్మేశాయి. దాంతో కాయ ధరా పడింది."

మైలయ్య చాలాసేపు నెమరు వేశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"మరి కాయ తినేవాళ్ళు తగ్గారా?"

"ఎందుకు తగ్గుతారు? ఏనుగు దొరగారి నూనె గానుగ రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉంది. పోయిన వారమేగా మీ గుర్నాథం, బస్తా తొమ్మిది మోపుల లెక్కన ముప్పై బస్తాలు ఇస్తానని ఆయనకి మాటిచ్చాడు! రేపు పొద్దున్నే అక్కడ దించాలి."

"ఓరి వీడి దుంప తెగ!" అంది చుక్కమ్మ. "పట్నంలో కోతులు ఏడిస్తే, వీడు ఇక్కడ మన కాయ కొట్టేస్తున్నాడన్నమాట! నేను చూస్తాను వీడి సంగతి. బోడెమ్మా, ఆ గడ్డిమోపులు ఒక్కటి కూడా తినకుండా మోసుకుని నా వెనకే రండి. మైలన్నా, నువ్వు వెళ్ళి ధర అడుగు. మిగతాది నాకొదిలెయ్."

ఆ సంతలో బేరం బయటికి చెప్పరు. గుడ్డ కప్పి, దాని కింద గిట్టా పంజా కలిపి, ఎన్నిసార్లు నొక్కితే అన్ని మోపులని లెక్క. దీన్నే పట్టు అంటారు. సంత పెద్ద దున్నపోతు ఎదురుగా నిలబడి ఉంటాడు. పట్టు చెప్పినవాడు ఆ రోజు పొద్దుగూకేదాకా దానికి కట్టుబడాలి. అదే ధరకి కొనాలి, ఎవరైనా అడిగితే తన దగ్గరున్నది అమ్మాలి కూడా. కాదంటే దున్నపోతు కొమ్ములున్నాయి. అయితే గుర్నాథం దగ్గరికి ఇన్నేళ్ళుగా అమ్మేవాళ్ళేగాని కొనేవాళ్ళు రాలేదు. వాడు ఆ రెండో మాట మరిచేపోయాడు.

"రా మామా, రా! నీకోసమే చూస్తున్నా" అన్నాడు గుర్నాథం. "నీలాంటి కష్టజీవికి ఇలాంటి రోజు రావడం... నా కడుపు తరుక్కుపోతోందనుకో."

"నీ కడుపు సంగతి తర్వాత. ధర చెప్పు."

గుర్నాథం ఎద్దు మొహం చూశాడు. వాడిపోయి ఉంది. గొర్రెలు మూడుకే ఇచ్చేశాయి, వీడికి రెండు చాలనుకున్నాడు. గుడ్డ కింద గిట్టని రెండుసార్లు నొక్కాడు.

"రెండా?"

"నేనేం చేసేది మామా, పట్నమే పడిపోతే!"

"పెద్దయ్యా, రెండు మోపుల పట్టు!" అని చుక్కమ్మ సంతంతా వినేలా అరిచింది. "మేం అమ్మడం లేదు. కొంటాం. గుర్నాథం పొద్దున తీసుకున్న ముప్పై బస్తాలూ అదే పట్టుకి మాకివ్వాలి. ఇవిగో అరవై మోపులు!"

గుర్నాథం మొహం మాడిపోయింది.

"అదేంటి చుక్కమ్మా, పొద్దున మూడుకి కొన్నదాన్ని రెండుకి ఎలా ఇస్తాను? నా బతుకేం కావాలి?"

"కూలిపోయిన ధర కదయ్యా! మాకు కూలింది నీకు కూలలేదా?"

దున్నపోతు కొమ్ములు నేలకేసి గీశాడు. అంతే, ముప్పై బస్తాలూ బోడెమ్మ ముందుకొచ్చాయి. అరవై మోపులు పోగా మరో ముప్పై మోపులు మంద దగ్గరే మిగిలాయి. బోడెమ్మ బస్తాలు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంది.

పొద్దు వాలుతోంది. తెల్లారితే గానుగ దగ్గర ఏనుగు దొర ఎదురుచూస్తుంటాడు. గుర్నాథం మైలయ్య దగ్గరికొచ్చాడు.

"మామా... ముప్పై బస్తాలు కావాలి. నీవి ఇరవై, బోడెమ్మవి పది. ధర నువ్వే చెప్పు. కాస్త దయ తలచు."

మైలయ్యకి పగ లేదు. ఎనిమిది నెలలు ఒంటిగా లాగిన కాడి బరువు మాత్రం మెడ మీద ఇంకా తెలుస్తోంది. గుడ్డ తీసి తనే కప్పాడు. నిదానంగా, ఒక్కొక్కటిగా, తొమ్మిదిసార్లు నొక్కాడు.

గుర్నాథం ప్రతి నొక్కుకీ కళ్ళు మూసుకున్నాడు గాని, ఒక్కదానికీ పంజా వెనక్కి తీసుకోలేకపోయాడు.

నీతి: తాను అమ్మనని ఏడ్చే ధరకి మనల్ని అమ్మమనేవాడు చెబుతున్నది ధర కాదు, బెదిరింపు.