పెంకుపురుగులకు బొట్టు పెట్టిన ఈగ

అనగనగా ఒక అడవి అంచున ఒక గుమ్మడిపాదు ఉండేది. తన ఒక్కగానొక్క పిందెను ఆకు చాటున దాచుకుని, బిక్కుబిక్కుమంటూ బతికేది. ఎందుకంటారా? ఎర్ర పెంకుపురుగులు గుంపుగా వచ్చి ఆకులన్నీ జల్లెడ చేసేస్తున్నాయి. ఆకులు పోతే పిందెకు తిండెక్కడిది?

ఒకరోజు పొద్దున్నే బూడిదరంగు ఈగ ఒకటి వచ్చింది.

"అక్కా, నీ పువ్వులో కాస్త తేనె తాగనిస్తావా? నీ పురుగుల సంగతి నేను చూస్తాను" అంది.

పక్క పువ్వులో ఉన్న తేనెటీగ ఝుమ్మని లేచింది. "ఈగా! పెంట మీద వాలే జాతి! అది అడుగుపెట్టిన ఇంటికి నేను రాను. అదో నేనో తేల్చుకో."

"నేను పువ్వుల మీదే వాలతానక్కా" అంది ఈగ, చిన్నగా.

పాదు తన పిందె వైపు చూసుకుంది. తేనెటీగ రాకపోతే కొత్త పిందెలు పడవు. మరి ఉన్న పిందె? అప్పటికే పక్క ఆకులో కరకర వినిపిస్తోంది.

"కోప్పడకు వదినా. ఆకలితో వచ్చినదాన్ని పొమ్మనలేను" అంది పాదు.

తేనెటీగ విసురుగా వెళ్ళిపోయింది.

ఈగ కడుపారా తాగింది. వెళ్ళి ఒక పురుగు వీపున తెల్లటి చుక్క పెట్టింది.

"ఆహా! నాకు బొట్టు పెట్టింది!" అని ఆ పురుగు మురిసిపోయింది.

"నాకూ, నాకూ!" అంటూ ఇంకోటి పరుగెత్తుకొచ్చింది.

ఆఖరికి పురుగుల పెద్దాయన బొజ్జ ఊపుకుంటూ వచ్చాడు. "తప్పుకోండర్రా! పెద్దా చిన్నా లేదా? నాకు రెండు పెట్టాలి!"

"తోసుకోకండి బాబూ, అందరికీ పెడతాను" అంది ఈగ.

పాదుకు ఒళ్ళు మండింది. "నా కొంప తినేవాళ్ళకు పేరంటం చేస్తున్నావా?"

"అవి బొట్లు కావక్కా, నా గుడ్లు" అంది ఈగ, గొంతు తగ్గించి. "నా పిల్లలు పురుగుల లోపలికి దూరి, వాటినే తిని పెరుగుతాయి. కొన్నాళ్ళు ఓర్చుకో."

అన్నట్టే అయింది. పురుగులకు తిండి సహించలేదు. బొట్టు పెట్టించుకున్న ప్రతి పురుగూ మట్టిలోకి దిగింది, మళ్ళీ పైకి రాలేదు. పాదు కొత్త చిగుళ్ళు వేసింది. పిందె బిందెంత అయింది. కొత్త మొగ్గలూ విచ్చాయి.

ఆ పూల వాసనకు తేనెటీగ ఉండబట్టలేక వచ్చింది. చూస్తే పువ్వులో ఈగ!

"కాస్త... జరుగుతావా?" అని గొణిగింది తేనెటీగ.

ఈగ జరిగి కూర్చుంది. "రా వదినా, బోలెడు చోటుంది."

నీతి: జాతి పేరు విని ఎవరినీ గుమ్మం బయటే ఆపెయ్యకండి. వాళ్ళు చేసే పని చూశాక మాట్లాడండి.